పెద్ద మూట, చిన్న మూట

మా మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను జాలరిపేట ఒడ్డున చేపలు బేరమాడుతున్నాను. ఆసుపత్రి ల్యాబులో నాకు పని నేర్పిన మనిషి ఆవిడ. ఇప్పుడు పక్కన ఉంటే, "ముందు చేప చూసుకోవయ్యా, మెత్తబడిపోతుంది" అనేవారు.

గోదావరి జిల్లా నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగి భార్యగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. సూక్ష్మజీవి పేరు చెబితే ఆవిడకి చాలేది కాదు. పెళ్లి సంబంధం వచ్చినట్టు, "ఎక్కడిది? ఎవరింటి నుంచి వచ్చింది?" అని ఆరా తీసేవారు.

ఒకసారి వేట జోరుగా సాగే రోజుల్లో, ఈ పేట జాలరి ఒకతను మోకాలి మీద సెగ్గడ్డతో వచ్చాడు. చీము పరీక్షిస్తే మందులకి లొంగని రకమని తేలింది. ఇది ఆసుపత్రి సూక్ష్మజీవేనని, వార్డులో ఉంచి ఖరీదైన ఇంజెక్షన్లు ఇవ్వాలని డాక్టర్లన్నారు. అతని భార్య మా ల్యాబు ముందు కూలబడింది.

"మా ఆయన ఆస్పత్రి గుమ్మమే తొక్కనేదు తల్లీ! ఆస్పత్రి పురుగు ఎలాగ సేరీసింది? ఏటకెళ్లకపోతే మేం తినీదేటి?"

మేడం ఆ చీములోని సూక్ష్మజీవిని పెంచిన ప్లేటుని వెలుతురుకి ఎత్తి చూశారు. అందులో పరీక్షకి పెట్టిన మందుబిళ్లల్లో ఒకటి రెండింటి దాకా సూక్ష్మజీవి నిక్షేపంగా పెరిగింది. మిగతావాటి చుట్టూ అది పెరగలేక చక్కగా ఖాళీ వలయాలున్నాయి.

"ఇది బయటిదయ్యా," అన్నారు. "సింహాచలం మెట్లెక్కేవాడు చిన్న మూట పట్టుకుంటాడు. ఆసుపత్రిలో మకాం వేసేవాడు ఇల్లంతా సర్దుకొస్తాడు. వీటి జన్యువుల్లోనూ అదే తేడా. ఆసుపత్రి సూక్ష్మజీవి మూటలో నానా మందులకీ విరుగుడుంటుంది. దీనిది చిన్న మూట, మామూలు మాత్రలకి లొంగుతుంది. కాకపోతే బరువు లేదు కదా, చురుగ్గా పాకుతుంది."

డాక్టర్లతో వాదించి, చీము తీయించి, మాత్రలిప్పించి ఇంటికి పంపారు. కాలికేమైనా అయితే మాట ఆవిడ మీదకే వస్తుంది. ఆ రోజుల్లో ఆవిడ టీ ముందు పెట్టుకుని, చల్లారాక తాగడం చూశాను.

మధ్యలో నన్ను వెంటబెట్టుకుని పేటకి వచ్చారు. వల తాళ్లకి గీసుకుపోయిన ఒళ్లని పడవ వాళ్లంతా ఒకే తువ్వాలుతో తుడుచుకుంటున్నారు. సూక్ష్మజీవి పాకే దారి అదే.

"మాకు నీదీ నాదీ ఏటమ్మా, అందరం ఒకటే కదా," అన్నాడొకడు.

"చేపలు పంచుకోండి నాయనా, తువ్వాలు మాత్రం పంచుకోకండి," అన్నారు మేడం.

గడ్డ మానింది. ఆ సూక్ష్మజీవిని జన్యు పరీక్షకి బయటి ఊరి ల్యాబుకి పంపితే, చిన్న మూటేనని జవాబు వచ్చేసరికి అతను సముద్రం మీద ఉన్నాడు. ఆ రోజు మేడం టీ వేడిగా తాగారు. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకున్నానని నాకిప్పటికీ సంతోషమే.

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. నేను బేరమాడుతున్నది ఆ జాలరి భార్యతోనే.

"మన మేడం పోయారమ్మా."

ఆమె చేప కింద పెట్టేసింది. "అయ్యో, ఆ తల్లే!" అంటూ వెనక్కి తిరిగి పడవకేసి చూసింది. పడవ అంచు మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి, ఎవరి రంగు వాళ్లది.