సూది మచ్చ

ఆసుపత్రి ల్యాబులో ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎవరి నోటా వినపడదు. అందరికీ సూదక్క. పదకొండేళ్లుగా పొద్దున్నే ఏడింటికల్లా వచ్చి, గొట్టాలకు చీటీలు అంటించుకుని, రక్తం తియ్యడానికి కూర్చుంటుంది. నరం దొరకని ముసలివాళ్లు, సూది చూడకముందే రాగం తీసే పిల్లలు ఆవిడ కోసమే వరసలో ఆగుతారు.

"ఇంకా గుచ్చలేదేంటమ్మా?"

"అయిపోయి అరగంటైంది, లే తాతా!"

ఆవిడ చెయ్యి పడితే మచ్చ మిగలదని పేరు. అలాంటి మనిషి తన ఒంటిమీది మచ్చలకు మాత్రం సూదినే సాకు చేసింది.

కాపురం ఏడేళ్లు సాగింది. మొగుడు చెయ్యి చేసుకున్నప్పుడల్లా ఆ కమిలినచోట ఎన్నోరోజుకు నీలం తిరుగుతుందో, ఎప్పుడు పచ్చబడి పసుపెక్కి మాయమవుతుందో ఆవిడకు చదువుకున్న పాఠమే. ఎన్నాళ్లు కోటు చేతులు మణికట్టు దాకా దించుకోవాలో ముందే తెలిసేది. కూతురు బుడ్డికి మాటలు వచ్చాక ఒకరోజు వేలుపెట్టి అడిగింది.

"ఇదేంటమ్మా?"

"సూది మచ్చ తల్లీ. ల్యాబులో ఒకళ్లకొకళ్లం గుచ్చుకుని నేర్చుకుంటాం. అదో ఆట."

పిల్ల నమ్మింది. ఎవరడిగినా అదే చెప్పాలని కూడా నేర్పింది తల్లి.

విడాకుల కాగితంలో కారణం అన్నచోట 'మనస్పర్థలు' అని రాయించింది. వకీలు కలం ఆపి, "ఇంకేం లేదా అమ్మా?" అన్నాడు. లేదండీ అంది. దెబ్బలు తిన్నానని నలుగురిలో చెప్పుకోవడమంటే తల కొట్టేసినట్టు ఉంటుందనుకుంది. ఆవిడ అమ్మ కూడా, "బతికి బయటపడ్డావు, చాలు. ఇంటిగుట్టు వీధిలో ఎందుకే?" అంది. కాగితంలో లేనిది కోర్టుకెలా తెలుస్తుంది? ప్రతి శనివారం పొద్దున పదినుంచి సాయంత్రం ఐదు దాకా పిల్ల తండ్రి దగ్గరుండాలని ఉత్తర్వు ఇచ్చింది. ఏడాది తిరిగాక, రాత్రిళ్లు కూడా ఉంచుకుంటానని అతను అర్జీ పెట్టాడు.

పిల్లలను అప్పగించే కేంద్రంలో రెండు తలుపులు. తల్లులకొకటి, తండ్రులకొకటి. మధ్యలో బల్ల దగ్గర అధికారి కూర్చుంటుంది. అందరూ పెద్దమేడం అంటారు. బల్లమీది పుస్తకంలో 'పిల్ల క్షేమంగా చేరింది' అని ఉన్నచోట సంతకం పెట్టి తీసుకెళ్లాలి. సూదక్క మాత్రం పిల్ల రాకముందే సంతకం పెట్టేసేది. అతని ముఖం కనపడేలోపు బయటపడాలని ఆత్రం.

ఆ శనివారం కూడా ల్యాబు నుంచి కోటుతోనే వచ్చి అలాగే పెట్టింది. పెద్దమేడం చేతిలో కాగితాలు తిప్పుతూ, "పిల్లతో విడిగా మాట్లాడానమ్మా. నాన్న అమ్మని కొట్టేవాడా అంటే, లేదు, అమ్మవి సూది మచ్చలు అంది. మీరూ ఏం రాయలేదు. ఇంక అభ్యంతరం ఏముంటుంది? శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా ఉండొచ్చని సోమవారం కోర్టుకు రాసి పంపేస్తాను" అంది.

దొంగకు తేలు కుట్టినట్టు, సూదక్క తలొంచుకుని కలానికి మూత పెట్టింది.

ఇంతలో అవతలి తలుపు తెరుచుకుని బుడ్డి వచ్చింది. ఉక్కగా ఉన్నా పొడుగు చేతుల చొక్కా. సూదక్క పిల్ల వీపుకు సంచి తగిలిస్తుంటే చొక్కా చెయ్యి మోచేయి దాటి పైకి జరిగింది. మోచేతికి పైన నాలుగు ఎర్రటి మచ్చలు ఒక పక్క. వెనక ఒకటి.

"ఏంటిది బుడ్డీ?"

పిల్ల ముందు పెద్దమేడం వైపు చూసింది. తర్వాత పెదాలు విప్పకుండా నవ్వింది.

"నాన్నా నేనూ ల్యాబు ఆట ఆడాం. సూది మచ్చ."

పెద్దమేడం పకపకా నవ్వింది. "ఓహో! ఇంట్లో ఇంకో సూదక్క తయారైందా? పోలిక ఎక్కడికి పోతుంది!"

పక్క బెంచీమీద మనవడికోసం ఎదురుచూస్తున్న పెద్దాయన కూడా నవ్వాడు. సూదక్కకు మాత్రం ఒళ్లంతా ఎవరో ఒలిచేసినట్టయింది. ఆ నవ్వు తనది. పళ్లు కనపడకుండా, కళ్లు కదలకుండా అలా నవ్వడం తనకే తెలుసనుకుంది. అన్నం కలిపి పెట్టిన చేత్తోనే పిల్లకు ఇదీ పెట్టింది.

ల్యాబులో ఒక పద్ధతి ఉంది. తప్పు రాస్తే చెరపకూడదు, మీద రంగు పూయకూడదు. పాతది కనపడేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. ఆవిడ బల్లమీది పుస్తకం తనవైపు లాక్కుని 'క్షేమంగా' అన్న మాటమీద గీత కొట్టింది.

"అదేంటమ్మా, కొట్టేస్తున్నారు?"

"తప్పండీ. సూది మచ్చ చుక్కంత ఉంటుంది, మోచేతి మడతలో. ఇవి వేళ్లు. నాలుగు ఇటు, బొటనవేలు అటు."

"మీకెలా తెలుసు?"

పెద్దాయన నవ్వు ఆపి చూస్తున్నాడు. గుమ్మంలో ఇంకో తల్లి నిలబడి ఉంది. సూదక్క పెద్దమేడం వైపే చూస్తూ అంది.

"నాకూ ఇలాగే ఉండేవి. ఏడేళ్లు. సూదివని దీనికి నేనే చెప్పాను."

పెద్దమేడం చేతిలో కాగితాలు బల్లమీద పెట్టేసింది. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"సిగ్గేసిందండీ."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ఇంకా ఎక్కువగా ఉంది."

పెద్దమేడం కుర్చీ ఆవిడ వైపు జరిపింది. "కూర్చోండి. ముందు పిల్లని డాక్టరు చూడాలి. కోర్టు తేల్చేదాకా పంపొద్దని నేను రాస్తాను. కానీ ఒకటి, మీరు రాయించిన మాటే మీకు అడ్డం తగులుతుంది. అవతలి వకీలు మిమ్మల్ని వదలడు."

"తెలుసండీ."

బుడ్డి వచ్చి అమ్మ కోటు పట్టుకుని గుంజింది. ముఖం కందిపోయింది.

"నేను సరిగ్గా చెప్పలేదా అమ్మా?"

సూదక్క పిల్ల ముందు వంగింది.

"నువ్వు సరిగ్గానే చెప్పావు తల్లీ. నేనే తప్పు నేర్పాను."

కుర్చీలో కూర్చుని ఆవిడ కోటు చేతులు పైకి మడిచింది. చూపించడానికి అక్కడ ఒక్క మచ్చ కూడా మిగల్లేదు. ఇక నోటితోనే చెప్పాలి.