వదిన కళ్ళు చూసే ముప్పై ఒక్క సంగతులు

మా వదిన మోకాలి ఆపరేషన్ మూడుసార్లు వాయిదా పడింది. మూడుసార్లూ వాయిదా వేసింది డాక్టర్ కాదు, ఆవిడే. ఎందుకని అడిగితే ఒకటే మాట: "నేను మూడు వారాలు మంచమెక్కితే డేటాబేస్ ఎవరు చూస్తారు?"

నేను ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. వదినది అక్కడే కంప్యూటర్ల విభాగం. విభాగం అంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద ఒక గది, రెండు కుర్చీలు, వదిన. మేం చేసే పరీక్షల ఫలితాలన్నీ ఆవిడ చూసుకునే డేటాబేస్‌లో చేరతాయి. అది ఆగిందంటే డాక్టర్లంతా మా కిటికీ దగ్గర బారులు తీరతారు. పంతొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున ఎనిమిదింటికి వచ్చి, భుజాన బ్యాగు కూడా దించకుండా స్క్రీను మీద ఒక చూపు వేసేది. ఏ తేడా ఉన్నా ఆ చూపుకే దొరికిపోయేది. నన్ను చూసి ఆసుపత్రిలో అందరూ ఆవిడను వదినా అనే పిలుస్తారు. మా అన్నయ్యకు అది బొత్తిగా నచ్చదు.

నాలుగోసారి తేదీ ఇస్తూ ఎముకల డాక్టర్ గట్టిగానే చెప్పాడు. ఇంకా ఆలస్యం చేస్తే ఎడమ కాలు వంగడం మానేస్తుందట, ఆ తర్వాత ఆపరేషన్ చేసినా పెద్దగా ఉపయోగం ఉండదట. ఆ రోజే ఆవిడ మెట్లు దిగలేక గోడ పట్టుకుని ఆగిపోవడం చూశాను. భయమేసింది, కోపమూ వచ్చింది. "డేటాబేస్ కోసం కాలు పోగొట్టుకుంటావా వదినా?" అని అందరి ముందే అరిచేశాను.

అలా మొదలైంది కొత్త ఏర్పాటు. ప్రతి ఐదు నిమిషాలకూ కంప్యూటరే డేటాబేస్‌ను పరీక్షించి, తేడా ఉంటే మా ఫోన్లకు మెసేజి పంపుతుంది. వదినది అతిజాగ్రత్త. డిస్కు సగం నిండినా, ఒక రిపోర్టు రెండు సెకన్లు ఆలస్యంగా తెరుచుకున్నా చెప్పమంది. మొదటి రోజే నూట నలభై మెసేజిలు. మధ్యాహ్నానికల్లా మా ల్యాబ్ ఇన్‌చార్జి గారు ఫోను నోరు నొక్కేశారు. అన్నయ్యయితే, "నువ్వు సతాయించేది చాలదనా, దీన్ని కూడా పెట్టావు?" అన్నాడు. వదిన మూతి ముడుచుకుని హద్దులు సడలించింది. మెసేజిలు రోజుకు ఒకటో రెండో అయ్యాయి.

ఆపరేషన్‌కు పది రోజులుందనగా, చూద్దామని ఒకరోజు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. ఒక్క మెసేజీ రాలేదు. రెండింటికి కుంటుకుంటూ ఆఫీసులో దిగబడింది. స్క్రీను చూసి కుర్చీలో కూలబడింది. డేటాబేస్‌కు రోజూ తీసే నకలు ఖాళీగా ఉంది. పని పూర్తయిందని కంప్యూటర్ ధీమాగా రాసుకుంది కానీ, ఫైలు ఉత్త డొల్ల. ఆ పూట డేటాబేస్ పాడై ఉంటే తిరిగి తెచ్చుకోవడానికి మా దగ్గర ఏమీ లేదు.

"నకలు తీయడం పూర్తయిందా లేదా అని మాత్రమే చూడమన్నాను. దాని సైజు చూడమని చెప్పలేదు. రోజూ నేను సైజు చూస్తానని నాకే తెలీదయ్యా!" అంది. మోకాలు రుద్దుకుంటూ, "ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాంలే," అంది.

నాకు ఒళ్ళు మండింది. మండాక ఒక ఉపాయం కూడా తోచింది.

మర్నాటి నుంచి వారం రోజులు పొద్దున్నే కాగితం పట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ కళ్ళు ఎటు పోతే అది రాయడం నా పని.

"ఇప్పుడేం చూశావు?"

"ఏమీ చూడలేదే."

"చూశావు. కింద కుడిపక్క మూల."

"ఓ, అదా! గడియారం. టైము వెనకబడితే రిపోర్టుల తేదీలు తప్పిపోతాయి."

సోమవారం రిపోర్టులు ఎక్కువుండాలి, లేకపోతే ఏదో మిషను తీగ ఊడినట్టే. అది కూడా అడిగేదాకా ఆవిడకు తట్టలేదు. తను చూసేవి తొమ్మిది అనుకుంది. కాగితం మీద ముప్పై ఒకటి తేలాయి. అన్నీ కంప్యూటర్‌కు అప్పజెప్పింది. ఏ మెసేజి వస్తే ఏం చేయాలో మామూలు మాటల్లో రాసి నా చేతిలో పెట్టింది.

చివరి గొడవ మెసేజిలు వెళ్ళే ఫోను నంబర్ల దగ్గర వచ్చింది. జాబితాలో మొదటిది ఆవిడదే.

"నీ నంబరు ఉన్నంతకాలం ఎవరం కదలం వదినా. నువ్వు చూసుకుంటావులే అని కూర్చుంటాం. నేనూ అంతే."

 ఆవిడ తన నంబరు తానే తీసేసి, కళ్ళు తుడుచుకుంది. నేను చూడనట్టే ఉన్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడోరోజు చూడబోతే మొదటి ప్రశ్నే అది. "మెసేజిలేమైనా వచ్చాయా?"

"నిన్న పదకొండింటికి వచ్చింది. డిస్కు నిండిపోతోందని."

మంచం మీంచి లేవబోయింది. "మరి నాకు చెప్పవేం?"

"నీ కాగితంలో ఉన్నట్టే పాత ఫైళ్ళు తీసేశాను. సర్దుకుంది."

"ఎంతసేపు పట్టింది?"

"నలభై నిమిషాలు."

"నాకైతే పది," అంటూ దిండుకు ఆనుకుంది.

అంతలో డాక్టర్ వచ్చాడు. కట్టు చూసి, కుడి మోకాలూ అరిగిందని, దానికీ ఆపరేషన్ తప్పదని చెప్పాడు. ఆవిడ సంగతి తెలిసినవాడు కనుక, "మీ వీలు చూసుకుని చెప్పండి," అని వెళ్ళబోయాడు.

వదిన నా వంక ఒకసారి చూసి, ఆయన్ని ఆపింది.

"తేదీ ఇప్పుడే రాసేయండి డాక్టర్ గారూ."