మాట ఆగితే చెయ్యి ఆగాలి

మా అక్క టవర్ క్రేన్ నడుపుతుంది. నలభై మీటర్ల పైన, మంచమంత క్యాబిన్‌లో కూర్చుని, టన్నుల బరువుల్ని అంగుళాల లెక్కన దించుతుంది. సైటులో అందరూ ఆమెను పైనమ్మ అంటారు. కింద నిలబడి వాకీటాకీలో ఆమెకు దారి చెప్పే సిగ్నలర్ మా బావ. ఆ వాకీటాకీలకు ఛార్జింగ్ పెట్టి, పొద్దున్నే కిటికీలోంచి పంచిపెట్టే స్టోర్ గుమస్తాను నేను. ముగ్గురం ఉండేది ఒకే ఇంట్లో. కాబట్టి ఇంట్లో గొడవ సైటు దాకా రావడానికి బస్సు టిక్కెట్టు కూడా అక్కర్లేదు.

అక్క ఆ సీటు ఒక్కరోజులో ఎక్కలేదు. ఆరేళ్లపాటు ఇసుక, ఇటుకలు పైకి పంపే చిన్న లిఫ్టు దగ్గర బటన్ నొక్కే పని చేసింది. "నేను క్రేన్ నేర్చుకుంటా" అన్న రోజున నవ్వనివాడు బావ ఒక్కడే. మా మూడో అంతస్తు బాల్కనీలో అక్క కళ్లకు తువ్వాలు కట్టి, చేతికి బకెట్ తాడు ఇచ్చి, తను వీధిలో నిలబడి వాకీటాకీ సెట్‌లో "దించు, దించు, దించు" అంటూ ఉండేవాడు. ఇంటి ఓనరు పూలకుండీలు రెండు పగిలాక గాని ఆమె చెయ్యి కుదరలేదు.

బావ అక్కడ నేర్పిన నియమం ఒకటుంది. నడిపే మనిషికి బరువు కనిపించనప్పుడు, అది కదిలినంతసేపూ సిగ్నలర్ గొంతు చెవిలో పడుతూనే ఉండాలి. "నా మాట ఆగిందంటే నేను చచ్చాననుకో. ఇంకెవడు ఏం చెప్పినా చెయ్యి కదపకు" అనేవాడు. "ఛీ, అవేం మాటలు!" అని అక్క కసిరేది. కసిరినా, ఆ మాట మాత్రం మనసులో నాటుకుంది.

లైసెన్సు వచ్చాక కూడా మేనేజరు ఆమెను నమ్మలేదు. మూడు నెలలు చూస్తానన్నాడు. పొరపాటు గాని, ఆలస్యం గాని ఒక్కటి జరిగినా మళ్లీ ఇసుక లిఫ్టుకే పంపుతానన్నాడు. ఆ మూడు నెలలూ ఓ శనివారంతో ముగుస్తాయి. నేను చెప్పబోయేది దాని ముందురోజు సంగతి.

అసలు తగవు గురువారం మొదలైంది. బావ కూడా క్రేన్ పరీక్షకు వెళ్లాడు. ఒకసారి తప్పాడు, రెండోసారీ తప్పాడని ఆ సాయంత్రమే తెలిసింది. అక్క ఓదార్చబోయి, "పోనీలే, కింద నిలబడి చెప్పడానికీ మనిషి కావాలిగా" అంది. పుండు మీద కారం చల్లినట్టయింది.

"ఇకమీదట నీతో ముందు మాట్లాడేది నేనైతే నా పేరు మార్చుకుంటా!" అన్నాడు బావ.

"నా పేరూ మార్చుకుంటా!" అంది అక్క.

ఇద్దరిదీ పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. "మీ బావకి ఇంకాస్త కూర కావాలేమో అడుగు." "వద్దని మీ అక్కకి చెప్పు." వాళ్ల మధ్య దూరం మూరెడు. ఆ మూరెడు దూరానికి వాకీటాకీని నేను.

స్టోర్ దగ్గర మాకో ఆనవాయితీ ఉంది. సెట్ తీసుకున్న సిగ్నలర్ కిటికీ ముందే నిలబడి, "పైకి వినిపిస్తోందా?" అని పిలవాలి. పైనుంచి "వినిపిస్తోంది" అని జవాబు వచ్చాకే కదలాలి; మాట గరగరలాడితే బ్యాటరీ మార్చి ఇస్తాను. శుక్రవారం పొద్దున బావ వచ్చాడు. శత్రువు తమ్ముడిని గదా, నన్ను అడగకుండా చెయ్యి లోపలికి పెట్టి తనే ఒక సెట్ లాక్కున్నాడు. పిలవలేదు. పిలిస్తే ముందు మాట్లాడినట్టవుతుంది మరి! వాళ్ల గొడవలో నేనెందుకు తలదూర్చాలని ఊరుకున్నాను. నేను చేసిన తప్పు అదే, ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. బావ తీసింది కుడివైపు డబ్బాలోంచి. ముందురోజు వాడకంలో బ్యాటరీ అడుగంటిన సెట్లు పడేసేది అందులోనే.

ఆ రోజు పని, భవనం వెనక ఇరుకు సందులో సిమెంటు దిమ్మె మీదికి పెద్ద జనరేటర్ దించడం. సందు పైనుంచి బొత్తిగా కనిపించదు. పదకొండు గంటలకు జనరేటర్ లేచి, భవనం మీదుగా తిరిగి, మా కళ్లకు మరుగయింది. బావ గొంతు నా బల్ల మీది సెట్‌లో వినిపిస్తూ ఉంది. భార్యతో మాట్లాడుతున్నట్టు కాదు, గోడకు మేకు కొడుతున్నట్టు. జవాబు అడగని మాట పంతం లెక్కలోకి రాదు మరి! "దించు. దించు. ఇంకా మూడడుగులు. దించు. ది—"

అంతే. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పైన తాడు ఠక్కున నిలిచిపోయింది.

"సిగ్నలర్, వినిపిస్తోందా?" అంది అక్క. జవాబు లేదు. మళ్లీ అడిగింది. లేదు. పంతం లెక్కన ముందు మాట్లాడింది ఆమే. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

మేనేజరు విసవిసా వచ్చి నా సెట్ అందుకున్నాడు. "ఏమైంది? ఇంకా మూడడుగులేగా, దించేయ్."

"మీకు జనరేటర్ కనిపిస్తోందా సార్?"

"కనిపించక్కర్లేదు, నేను చెప్తున్నా."

"అయితే దించను సార్."

"నీ గడువు రేపటితో అయిపోతోంది, గుర్తుందా? ఇప్పుడు దించకపోతే రేపు ఆ నిచ్చెన ఎక్కే పని లేదు!"

అక్క మళ్లీ బటన్ నొక్కింది. "రేపటి సంగతి రేపు సార్. సిగ్నలర్ మాట వినిపించేదాకా చెయ్యి కదపను."

బావ సెట్ కుడివైపు డబ్బాలోదని అప్పుడు గుర్తొచ్చి, నేను ఎడమవైపు డబ్బాలోంచి నిండు బ్యాటరీ ఒకటి తీసుకుని పరుగెత్తాను. వెనకే మేనేజరు, దారి పొడవునా తిడుతూ.

సందు మలుపు తిరిగి ఆగిపోయాను. జనరేటర్ మధ్యలో ఆగిపోవడం చూసి, ఇదే అదననుకున్న ఫిట్టర్, అంటే దాన్ని బిగించడానికి వచ్చినవాడు, దిమ్మె మీద మిగిలిపోయిన చెక్కముక్క తీయడానికి దాని కిందికి భుజం దాకా దూరాడు. చొక్కా చెయ్యి దిమ్మెలోంచి పైకి పొడుచుకొచ్చిన బోల్టుకు చిక్కుకుంది. మనిషి వెనక్కి రాలేడు. బావ ఒక చేత్తో ఆ చొక్కా చింపుతూ, రెండో చేత్తో సెట్ నోటి దగ్గర పెట్టుకుని, "కదపకు! కదపకు! మనిషున్నాడు, కదపకు!" అని గొంతు పగిలేలా అరుస్తున్నాడు.

గుడ్డ పర్రున చినిగింది. ఫిట్టర్ బయటపడి, గోడకు జారగిలబడి కూర్చున్నాడు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు.

"చూశావురా," అన్నాడు బావ రొప్పుతూ, "కదపకు అన్నాను, కదపలేదు."

"ఆ సెట్ చచ్చి అయిదు నిమిషాలైంది బావా. నువ్వన్నది ఒక్క ముక్క పైకి పోలేదు."

"మరి?"

"దించేయమని సార్ చెప్తూనే ఉన్నారు. అక్కే దించలేదు."

బావ చేతిలో సెట్ చూసుకున్నాడు. దీపం లేదు. జనరేటర్ కిందికి చూశాడు, మేనేజరు వైపు చూశాడు. మేనేజరు వంగి ఆ మూడడుగుల ఖాళీనే చూస్తున్నాడు. తిట్లు ఎప్పుడు ఆగాయో నేను గమనించలేదు. ఆయన నుదుటి చెమట తుడుచుకుని, "రేపే కాదు, ఎప్పటికీ... ఆ సీటులో ఆవిడే ఉంటుంది" అని గొణిగాడు. అది నాకే అంతంతమాత్రంగా వినపడింది, ఇక పైకేం వినపడుతుంది?

నేను బ్యాటరీ మార్చి ఇచ్చాను. బావ బటన్ నొక్కాడు. సైటంతా అదే చానల్లో ఉంది. తాపీ మేస్త్రీలు, రాడ్లు వంచేవాళ్లు, గేటు దగ్గర వాచ్‌మన్, అందరూ వింటున్నారు.

"పైకి వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది." ఆ ఒక్క మాటలోనే అక్క ఏడుపు ఆపుకుంటున్నట్టు తెలిసిపోయింది.

"కదపకు అని నేను అరిచింది నీకు చేరలేదు. చేరకపోయినా కదపలేదు నువ్వు. ఇక్కడ ఒక మనిషి బతికాడు. నీకు నేర్పినవాణ్ణి నేను, పొద్దున పిలవకుండా వచ్చిన వెధవనీ నేనే. నన్ను..."

"పని మాట చెప్పు," అంది అక్క. "లోడు గాల్లో ఉంది."

బావ ముక్కు ఎగబీల్చి, దిమ్మె చుట్టూ ఒకసారి తిరిగి చూసుకున్నాడు. ఎవరూ లేరు.

"దించు," అన్నాడు. "దించు, దించు, దించు..."

జనరేటర్ దిమ్మెకు తాకేదాకా బావ ఊపిరి కూడా తిప్పుకోలేదు.