లోనప్పన్ వంతు

పౌలోస్ పొద్దంతా త్రిశూర్‌లో ఒక ప్రెస్సుకు కంప్యూటర్లు చూసేవాడు, మిగతా వేళల్లో పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఆటలు రాసుకునేవాడు. పెళ్ళి లేదు. ఉన్నదల్లా చేట్టా అని పిలుచుకునే అన్న లోనప్పన్, వదిన ఎలియమ్మ. లోనప్పన్ ప్రాణమంతా యాభైయారు అనే పేకాటలో ఉండేది. మా గ్రంథాలయం వరండాలో ఆయన ముక్కను బల్లకేసి కొడితే వీధి చివర టీకొట్టు దాకా వినబడేది.

ఆ చేతులే ముందు పడిపోయాయి. నరాల జబ్బు, మందు లేదన్నారు డాక్టర్లు. చివరికి కుడిచేతి చూపుడువేలు ఒక్కటే మిగిలింది. తమ్ముడు కంప్యూటర్‌లో యాభైయారు ఆటను తయారుచేశాడు, వేలు ఆనిస్తే చాలు పనిచేసే మీట ఒకటి తెప్పించాడు. చిక్కల్లా ఇక్కడే వచ్చింది. ఆట పైథాన్‌లో ఉంది, మీటను నడిపే ప్రోగ్రాముల కట్ట, లైబ్రరీ అంటారు దాన్ని, సీ భాషలో ఉంది. మధ్యన వంతెన కావాలి.

"పైథాన్ నుంచే నేరుగా ఆ లైబ్రరీని పిలువు. రేపటికల్లా ఆడతాడు," అన్నాడు స్నేహితుడు నజీబ్.

"పోయిన గ్రంథాలయ వార్షికోత్సవం మర్చిపోయావా?" అన్నాడు పౌలోస్.

ఎవరు మర్చిపోతారు? గ్రంథాలయం పిల్లలకని చేసిన ఆటను ఆ దారినే కట్టాడు. లైబ్రరీ తిరిగిచ్చేది మెమొరీలోని చిరునామా అని పైథాన్‌కి ముందే చెప్పాలి. చెప్పకపోతే మామూలు అంకె అనుకుని సగం కోసేస్తుంది. పౌలోస్ చెప్పడం మరిచాడు. ఇంట్లోని పాత కంప్యూటర్‌లో చిరునామాలు పొట్టివి కాబట్టి నడిచింది. గ్రంథాలయంలోని కొత్తదానిలో, అందరూ చూస్తుండగా, తప్పేమిటో కూడా చెప్పకుండా ఆట కాస్తా మాయమైంది. "పనిమంతుడు పందిరేస్తే పిచ్చుకలొచ్చి పడగొట్టాయట!" అని అందరికంటే ముందు నవ్వింది లోనప్పనే. సరదాకే అన్నాడు పాపం. తమ్ముడికి మాత్రం ముల్లై దిగింది.

అందుకే ఈసారి రెండో దారి పట్టాడు. వంతెనంతా తానే సీలో రాస్తాడట, పిచ్చుక వాలినా కదలకుండా.

"ఎందాకా వచ్చిందిరా?" అని లోనప్పన్ అడిగేవాడు, ఎలియమ్మ గంజి పడుతుండగా. మాట అప్పటికే ముద్దముద్దగా వచ్చేది.

"అయిపోవచ్చింది చేట్టా. గట్టిగా చేస్తున్నా."

"పడితే పడనీరా, మళ్ళీ పెడదాం. తురుపు చేతిలో దాచుకుని ఆట పోగొట్టుకునే రకంరా నువ్వు."

నజీబ్ ఇంటికొచ్చి మరీ తిట్టాడు. "ఒక్క లైను రాస్తే ఆ చిరునామా గొడవ తీరిపోతుంది కదరా! అవతల మనిషి కరిగిపోతుంటే నీకు నగిషీలు కావాలా?"

పౌలోస్ వినలేదు. పంతం అనండి, భయం అనండి. నన్నడిగితే ఆనాటి నవ్వు ఇంకా అతని చెవుల్లోనే ఉంది.

వానలు వెలిశాక వంతెన పూర్తయింది. ఎంతసేపు నడిపినా ఆట తొణకలేదు. పౌలోస్ మీట తెచ్చి అన్న వేలికింద పెట్టాడు. కంప్యూటర్ ముక్కలు పంచింది. లోనప్పన్‌కి తురుపు జాకీ పడింది, యాభైయారులో అన్నిటికంటే పెద్ద ముక్క. తెరమీద "లోనప్పన్ వంతు" అని వెలిగింది.

లోనప్పన్ తన వేలికేసి చూశాడు. నుదుట చెమట పట్టింది.

"నొక్కు చేట్టా. ఊరికే ఆనిస్తే చాలు."

ఎలియమ్మ చెంగుతో భర్త నుదురు తుడిచింది. "పోయిన ఆదివారం నుంచీ కదలట్లేదు పౌలోసూ. నీకు చెప్పొద్దన్నారు. తొందరపడి పని పాడుచేసుకుంటావని."

లోనప్పన్ ఏదో గొణిగాడు. పౌలోస్ చెవి దగ్గర పెట్టి విన్నాడు.

"పడలేదురా... పందిరి."

నిజమే, ఆట పడలేదు. లోనప్పన్ వంతు కోసం చూస్తూ అలాగే ఉంది.