తమ్ముడి కోసం తగ్గించిన గాలి

మా కరెంటు కంట్రోల్ రూములో రేపు గాలి ఎంత వీస్తుందో చెప్పే ఉద్యోగం ఆయనది. అందుకే జోస్యం సారు అని పేరు పెట్టాం. దేశంలో గాలిమరలు పెరిగేకొద్దీ ఆయన మాటకు విలువ పెరిగింది. గాలి బాగుంటుందంటే బొగ్గు కేంద్రాలను ఆపమంటాం, ఉండదంటే ముందురోజే బాయిలర్లు వెలిగించమంటాం. అంచనా తప్పితే ఊళ్లు చీకటైపోతాయి కాబట్టి, లెక్కకొచ్చిన గాలిలో కాస్త కోసి చెప్పడం మా గదిలో అలవాటు. దాన్ని మేం జాగ్రత్త అంటాం.

ఆయన తమ్ముడు ఒక పాత బొగ్గు కేంద్రంలో బాయిలర్ ఆపరేటర్. పని పడని కేంద్రాన్ని మూసేస్తామని పైవాళ్లు తేల్చేశారు. మరదలు ఈయనింటికొచ్చి, ఆ పని తప్ప మీ తమ్ముడికి ఇంకోటి చేతకాదని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆనాటి నుంచి సారు కోత ముదిరింది. హోరుగాలి రోజుకు కూడా అంతంతమాత్రమేనని రాసేవాడు. తమ్ముడి బాయిలర్ వెలిగేది. తీరా గాలి ఎక్కువై, బొగ్గు కరెంటుతో కలిపి అవసరానికి మించిపోతే మేం మరలను ఆపించేవాళ్లం. ఈయనకు పిరికితనం ముదిరిందని నవ్వుకున్నాం.

అక్కడ బాయిలర్ గొట్టాలు అరిగి పలచబడ్డాయి. ఆపి మార్చాలని తమ్ముడు మొత్తుకున్నా, గాలి లేదుగా, తర్వాత చూద్దామని మేనేజరు వాయిదా వేస్తూ వచ్చాడు. చివరికి తమ్ముడు అన్నకే ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, రేపైనా గాలి వీస్తుందా? యూనిట్ ఆగితే గొట్టాలు మార్చుకుంటాం."

ఆగితే మళ్లీ వెలిగించరని సారు భయం.

"లేదురా. ఇంకొన్నాళ్లు నెట్టుకురా."

మర్నాడు గాలి విరుచుకుపడింది. మేం మరలను ఆపించే హడావిడిలో ఉండగా అక్కడ గొట్టం పగిలింది. ఆవిరి తమ్ముణ్ణి ఉడికించేసింది. ఇంతకంటే మర్యాదైన మాట నాకు దొరకలేదు. చేతి వాచీని చూసి మనిషిని పోల్చుకున్నారు.

శవాన్ని ఇంటికి తెచ్చిన రోజు అందరం వెళ్లాం. ముందురోజు మొదలైన గాలి ఇంకా తగ్గలేదు. వాకిట్లో టెంటు లేచిపోతుంటే తలా ఒక తాడు పట్టుకున్నాం. సారు కూడా పట్టుకున్నాడు. మరదలు వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"బావగారూ, నిన్న గాలి ఉండుంటే యూనిట్ ఆగేది, ఆయన బతికుండేవారు కదా?"

"ఉండేవాడమ్మా."

"మరి గాలి లేదా?"

చేతిలో తాడు ఆయన్ను ముందుకు లాగేస్తోంది. రెండు కాళ్లూ నేలకు తన్నిపట్టి నిలదొక్కుకున్నాడు.

"లేదమ్మా," అన్నాడు.