మరియమ్మ సిస్టర్ కోపం

మొన్న తెలకపల్లిలో ఒక ముసలామెను చూడటానికి వెళ్తే, ఆమె కోడలు పాలలో కలపడానికి ప్రోటీన్ పౌడర్ డబ్బా మూత తీసింది. వెనిలా వాసన గుప్పుమంది. ఆ తీపి వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఫిజియోథెరపిస్టుగా నేను మొదటి ఉద్యోగం చేసిన గద్వాల ప్రైవేటు ఆసుపత్రి, అక్కడి మరియమ్మ సిస్టర్ కళ్ల ముందు నిలుస్తారు. వీపనగండ్ల దగ్గర కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, నర్సు చదువు చదివి, షుగర్ రోగుల కాళ్లకు కట్లు కడుతూ తల నెరిసిన మనిషి ఆమె.

ఒకరోజు బాలప్ప అనే నేతకారుణ్ణి ఆయన కోడలు తీసుకొచ్చింది. డెబ్బై ఏళ్లు, ఎంతోకాలంగా షుగర్. మగ్గం గుంటలోంచి లేవబోయి పడిపోయాడు. డాక్టరు నిమిషంలో చూసేసి, వయసు మీద పడిందన్నాడు. విశ్రాంతి తీసుకొమ్మని చెప్పి ఒక వెనిలా ప్రోటీన్ పౌడర్ రాశాడు. కింద ఆయన సొంత షాపులోనే ఆ డబ్బాలు అమ్మేవారు. పక్కనే నిలబడిన నేను తలూపాను.

బయట బల్ల మీద కూర్చున్న బాలప్పతో సిస్టర్, "పెద్దాయనా, చేతులు ఆనించకుండ జర లే," అన్నారు. రెండుసార్లు ప్రయత్నించినా ఆయన లేవలేకపోయాడు. పిక్క నా ముంజేయంత సన్నగా ఉంది. ఏం తింటున్నాడని సిస్టర్ అడిగితే కోడలు, "షుగరున్నదని అన్నీ బంద్ జేసినం. గుడ్డు లేదు, పప్పు లేదు. పొద్దుకొక్క రొట్టె. ఇగ గీ డబ్బా తాపితే సాలన్నరు," అంది. సిస్టర్ ఆమె చేతిలోని డబ్బా అందుకొని తిప్పి, వెనక చిన్న అక్షరాల మీద వేలు పెట్టి నాకు చూపించారు. మొదటి పేరే చక్కెర. "సదువుకున్నదానివి. నువ్వన్న సూసినవా?" అన్నారు. నేను చూడలేదు.

డబ్బా పట్టుకొని ఆమె నేరుగా డాక్టరు గదిలోకి వెళ్లారు. వెనకే నేనూ వెళ్లాను. "షుగరున్న మనిషికి చక్కెర రాసిండ్రు సార్. గీ పౌడర్ పడ్తదో లేదోనని కిడ్నీ పరీక్ష గూడ చేపియ్యలే. పండుకుంటె ఉన్న కండ గూడ పోతది."

"నీ పని నువ్వు చూసుకో."

"గిదే నా పని సార్."

నెల తిరగకుండానే ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ గదిలో నేను నోరు విప్పలేదు.

ఆమె మాత్రం బాలప్పను వదల్లేదు. సర్కారు దవాఖానాలో కిడ్నీ పరీక్ష చేయించి, బాగానే ఉందన్నాకే రోజూ గుడ్డు, పప్పు మొదలుపెట్టించారు. పొద్దున్నే ఇంటికెళ్లి, షుగర్ చూసి, బల్ల మీంచి లేపి కూర్చోబెట్టేవారు. ఆ రోజు మాట్లాడలేదన్న సిగ్గుతో ఆదివారాలు నేనూ వెళ్లేదాన్ని. "నన్ను సంపుతున్నవ్ బిడ్డా," అని బాలప్ప మొత్తుకుంటే, "సంపెటోళ్లు ఏరే ఉన్నరు. నువ్వు లే," అనేవారు. నాలుగు నెలలకు ఆయన అంచు పట్టుకొని గుంటలోంచి తనంతట తాను పైకొచ్చాడు. ఆ తర్వాత రోజంతా కాకపోయినా, మధ్యాహ్నం దాకా నేసేవాడు.

సిస్టర్ పోయి రెండేళ్లు. నేనిప్పుడు నాగర్‌కర్నూల్‌లో పనిచేస్తున్నాను. 'వయసు, విశ్రాంతి' అని రాసిన చీటీ చేతికొస్తే, రాసినవారికే ఫోన్ చేసి ఏం పరీక్షించి రాశారని అడుగుతాను. కొందరు డాక్టర్లు నా దగ్గరికి రోగులను పంపడం మానేశారు. మానేయనీ.