సెంటు కొట్టిన బెల్టు

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో మా షిఫ్ట్ సూపర్‌వైజర్‌ను తలచుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది. ఎవరి కాలు బెణికినా, మందుల డబ్బాలోంచి చీలమండకు కట్టే అదే పాత బెల్టు తీసేవాడు. దాన్ని ఎన్నడూ ఉతికించలేదు. లోపలి బట్ట చెమటకు నల్లబడి అట్టకట్టింది. రెండు వేళ్లతో దూరంగా పట్టుకుని, దాని మీద సెంటు కొట్టేవాడు.

"ఇగ కొత్తదే, కట్టుకో," అనేవాడు.

నేనూ కట్టుకున్నాను. ఎవరి పుండు రసో నా మడమకు జిగటగా అంటింది.

ఒకరోజు ఆయనే మెట్ల మీద జారిపడ్డాడు. వాచిన కాలు అంగుళం కూడా కదపలేక మూలుగుతున్నాడు. నేను బెల్టు తెచ్చి, సెంటు కొట్టి, "ఇగ కొత్తదే సార్, కట్టుకోండ్రి," అన్నాను.

"ఛీ, తియ్! ఎవలెవలు కట్టుకున్నరో ఏమో!" అంటూ ఆ కాలినే చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.